అయస్కాంతం ముందు నిమ్మకాయ

బయలుదేరేటప్పుడు కృపానందం చేతిలో ఉన్నవి ఒక పంపు, సన్నటి గాజు గొట్టం, ఒక అయస్కాంతం, ఒకే ఒక్క సీసా నల్లటి ద్రవం. ల్యాబు సామాను అమ్ముకునే అతను ఈ మిషను ఒక్కటైనా అమ్మలేకపోతే, కంపెనీ ఏజెన్సీని వేరొకరికి ఇచ్చేస్తుంది. పొద్దున్నే గన్నవరం దగ్గరి కాలేజీలో చూపించి, భోజనాల వేళకు ఆర్డరుతో బెజవాడ చేరాలన్నది లెక్క.

సరుకు వివరం అతనికి కంఠతా వచ్చు. ఆ ద్రవంలో కంటికి ఆనని ఇనుప కణాలుంటాయి. గొట్టంలో పారిస్తే పెద్దవి అయస్కాంతం పక్కనే గోడకు ఆగిపోతాయి, చిన్నవి ప్రవాహంతో సాగిపోతాయి. ఎంత వేగానికి ఎన్ని ఆగాయో చూసి వాటి పరిమాణం చెప్పవచ్చు.

సీసా మూత తీసి స్విచ్ వేయబోతుంటే, డిపార్ట్‌మెంటు హెడ్ బాలాత్రిపురసుందరి గారు ఆపారు. కొత్త మిషనుకు బొట్టు పెట్టి, నిమ్మకాయతో దిష్టి తీయనిదే ఆ ల్యాబులో ఏదీ ఆన్ చేయరట. "మీకు అభ్యంతరమేం లేదుగా కృపానందం గారూ?" అని అడిగారు.

అతను ఆదివారం చర్చి మానడు. కానీ కొనేవాళ్ళ ఆచారానికి అడ్డుచెప్పి బేరం పోగొట్టుకునే మనిషీ కాడు. "శుభమండీ, కానివ్వండి," అన్నాడు.

అటెండరు రత్తయ్య నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, భక్తి కొద్దీ గట్టిగా పిండాడు. రసం సీసాలో పడింది. చూసింది కృపానందం ఒక్కడే. పులుపు తగిలితే కణాల మీది పూత ఊడి అన్నీ గుంపుకడతాయని కంపెనీవాళ్ళు మరీ మరీ చెప్పారు. నోరు విప్పుదామంటే ఇంకో సీసా లేదు. విప్పకపోతే గట్టెక్కవచ్చేమో. విప్పలేదు.

పంపు వేశాడు. చిన్నా పెద్దా తేడా లేకుండా నలుపంతా అయస్కాంతం దగ్గరే ముద్దకట్టింది. అవతలి నుంచి తేట నీళ్ళు వస్తున్నాయి. ముద్ద కొట్టుకుపోతుందని వేగం పెంచాడు. కదలలేదు. చెమట తుడుచుకుని ఇంకాస్త పెంచాడు. గొట్టం ఊడి, అప్పుడే లోపలికి వచ్చిన ప్రిన్సిపాల్ సాంబశివరావు గారి తెల్ల చొక్కా మీద నల్లగా చిమ్మింది.

"ఇదేనామ్మా మీరు కొందామంటున్నది?" అన్నారాయన.

ఇక దాచి లాభం లేదని కృపానందం నిమ్మరసం సంగతి చెప్పేశాడు. మేడం వంగి ఆ ముద్దను అటు నుంచీ ఇటు నుంచీ పరీక్షగా చూశారు. అతను మనసులోనే ఏజెన్సీ బోర్డు దించేశాడు.

"అంటే శాంపిల్ పాడైతే ఇది దాచదన్నమాట," అన్నారు ఆమె చివరికి. "మా పిల్లలు పాడుచేసి కూడా, బాగానే ఉందండీ అని రికార్డు రాసేస్తారు. మొన్నొచ్చినాయన మిషను మంచిదానికీ పాడైనదానికీ ఒకటే అంకె చూపించింది. దీన్నే తీసుకుందాం సార్."

తిరుగు బస్సులో కృపానందం లెక్క చూసుకున్నాడు. ఆర్డరు వచ్చింది, ఏజెన్సీ నిలిచింది, ఒక సీసా పోయింది. మొత్తం మీద లాభమే, ప్రిన్సిపాల్ గారి చొక్కా నూలుదో పట్టుదో తేలేదాకా.