కాబోయే తండ్రుల ఆరోగ్య మాసం

పిల్లలు పుట్టకపోవడానికి మగవాడి ఒళ్లు కూడా కారణం కావచ్చని ఐన్ జర్దా గవర్నరు తౌహామీ గారు సోమవారంనాడు కనిపెట్టారు. మంగళవారానికి ఊరంతా పోస్టర్లు. ఇంత చురుకైన గవర్నరును ట్యునీషియా కొండల్లో ఎవరూ చూసి ఎరగరు. రెండేళ్ల కిందట పగిలిన నీళ్ల గొట్టం ఆయన కంటబడి ఉండదు, అంతే.

చౌరస్తాలో వేదికెక్కి గర్జించారు. "సోదరులారా! బిడ్డ కావాలనుకునే మగాడు మూడు నెలల ముందునుంచే ఒళ్లు బాగుచేసుకోవాలి. సిగరెట్ మానాలి. పొట్ట తగ్గించాలి. హమామ్ ఆవిరి గదుల్లో గంటలకొద్దీ ఉడకకూడదు. పరీక్ష చేయించుకోవాలి!"

ఈ ముక్కలు చెప్పడానికి ఆయనకు రెండు సిగరెట్లు పట్టాయి. పొట్ట అడ్డమొస్తే మైకును వెనక్కి జరిపించారు.

జనంలో మబ్రూకా ఒక్కతే ప్రతి మాటా నమ్మింది. పెళ్లయి ఏడేళ్లు. ఆమె తిరగని ఆస్పత్రి లేదు, తాగని కషాయం లేదు. మొగుడు హత్తాబ్ మాత్రం ఆస్పత్రి గడప తొక్కలేదు. ఈమెకు తలాక్ ఇప్పించి కొడుక్కి ఇంకో పిల్లను తేవాలని అత్త జొహ్రా అప్పుడే సంబంధం చూస్తోంది.

"ఒక్కసారి వెళ్లిరావయ్యా. గవర్నరే చెప్పాడుగా," అంది మబ్రూకా.

"నాకేం రోగం? హుక్కా లాగడంలో కఫేలో నన్ను మించినోడు లేడు."

"ఆ రోగమే అంటున్నాడు."

"ఒసేయ్, మా వంశంలో మగాళ్లకి లోపమా?" అత్త లేచింది. "వాడి తాతకి ఇల్లు పట్టనంతమంది పిల్లలు!"

"నేను తాత సంగతి అడగలేదు అత్తా, మనవడి సంగతి అడిగా."

శిబిరం రోజున ఆస్పత్రి ముందు క్యూ చౌరస్తా దాకా సాగింది. అందరూ ఆడవాళ్లే. ఒక్కొక్కరి చేతిలో మొగుడి గుర్తింపు కార్డు.

"పరీక్ష ఎవరికమ్మా?" అడిగాడు డాక్టర్ నాజీ.

"మా ఆయనకి. ఆయనకి తీరిక లేదు, నా రక్తం తీసుకోండి."

మబ్రూకా వంతు వచ్చింది. "మా ఆయనా రాలేదు. నా రక్తం మాత్రం తియ్యకండి బాబూ. అందులో ఏ లోపమూ లేదని ఏడేళ్లుగా మీవాళ్లే చెబుతున్నారు."

క్యూ చూసి గవర్నరు గారి కళ్లు చెమర్చాయి.

"సార్, ఒక్క మగాడూ రాలేదు," అన్నాడు డాక్టరు.

"కార్డులొచ్చాయా లేదా?"

కార్డుకొకటి చొప్పున ఇత్తడి బ్యాడ్జీలు అక్కడికక్కడే పంచిపెట్టారు. మీద 'ఆరోగ్యవంతుడు' అని ప్రభుత్వ ముద్ర.

ఆ సాయంత్రం కఫేలో ప్రతి గుండె మీదా ఇత్తడి మెరిసింది, దాని మీదుగా పొగ లేచింది. ఇంట్లో అత్త చేతులు తిప్పింది. "చూశావుటే? సర్కారే ముద్ర కొట్టింది. ఇక లోపం ఎవరిదో వేరే చెప్పాలా? శుక్రవారం పిల్ల తండ్రి వస్తున్నాడు, నీ మూట కట్టుకో."

ఆ బ్యాడ్జీ మబ్రూకా తన చేత్తో తెచ్చి ఇచ్చిందే.

శుక్రవారం పొద్దున అది హత్తాబ్ చొక్కా మీద లేదు. అతని సిమెంటు మోసే కంచరగాడిద నుదుటి మీదుంది. మబ్రూకా దాన్ని తోలుకుంటూ బజారంతా తిప్పి కఫే ముందు ఆపింది. కంచరగాడిదకు పిల్లలు పుట్టరని బజారులో తెలియనివాడు లేడు.

"ఏంటే ఇది? దానికెందుకు పెట్టావు?" హత్తాబ్ కుర్చీ తన్ని లేచాడు.

"నీకు చేసిన పరీక్షే దానికీ చేశారు."

కఫే గొల్లుమంది. తర్వాత ఒక్కొక్కడి చెయ్యి తన చొక్కా మీదికి పోయింది, నవ్వు ఆగిపోయింది. సంబంధానికొచ్చి హత్తాబ్ పక్కన కూర్చున్న పిల్ల తండ్రి సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు హత్తాబ్ కంచరగాడిదను ఆస్పత్రికి లాక్కెళ్తున్నాడు.

"అది మనుషుల ఆస్పత్రి కదరా?" దారిలో ఎవరో అడిగారు.

"దీనికి ఒంట్లో బాగాలేదు. ఇదే దగ్గర."

కంచరగాడిదను బయట కట్టేసి తను లోపలికెళ్లి చాలాసేపు ఉన్నాడు. తిరిగొస్తూ కఫే ముందు హుక్కా కోసం ఆగలేదు. వారం తిరిగేసరికి కసాయివాడి పొట్టేలుకు దగ్గొచ్చింది, మంగలివాడి మేక కుంటింది, బడిపంతులు కోడిపుంజుకు దిగులు పట్టుకుంది. జంతువులన్నీ బయట, యజమానులందరూ లోపల.

అటుగా పోతున్న గవర్నరు గారు కారు ఆపించి ఆ దృశ్యం తృప్తిగా చూశారు. కాబోయే తండ్రుల ఆరోగ్య మాసం ఘనవిజయం సాధించి ముగిసిందనీ, రేపటినుంచి పశువుల ఆరోగ్య మాసమనీ సాయంత్రానికి ప్రకటన వచ్చింది. అపార సేవలకు గుర్తింపుగా డాక్టర్ నాజీని పశువుల ఆస్పత్రికి బదిలీ చేశారు.

తెల్లారి హత్తాబ్ కంచరగాడిద తాడు పట్టుకుని పశువుల ఆస్పత్రి దారి పట్టాడు. ఈసారి ఎక్కడికని ఎవరూ అడగలేదు. వెనక మబ్రూకా కర్ర పట్టుకుని ఇద్దరినీ తోలుకుంటూ నడిచింది.