వెండాకు కేసు

అరవై రెండు పొదల్లో ఒక్కదానికీ ఆకు మిగల్లేదు. మోకాలెత్తు మోళ్ళు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. ప్రాజెక్టు ఆఫీసరు అచ్యుతరామయ్య ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండుసార్లు నడిచి చూశాడు. మూడోసారి సగంలోనే బండమీద కూలబడ్డాడు. టైము ఎనిమిదిన్నర. పదకొండింటికి గ్రాంటు ఇచ్చే సంస్థ తరఫున హైదరాబాదు నుంచి అనూరాధ తనిఖీకి వస్తోంది.

సబ్బవరం దాటాక కొండవాలులో ఉన్న గాలికొండపాలెం ఆడవాళ్ళు మూడేళ్ళుగా కాపాడుతున్న పొదలవి. వెండాకు అంటారు. ఆకు పైన ఆకుపచ్చగానే ఉంటుంది, అడుగున మాత్రం వెండి పూసినట్టు మెరుస్తుంది. ఈ వాలు మీద తప్ప చుట్టుపక్కల ఇంకెక్కడా కనిపించదు. దాని పేరు మీదే ఊరికి చిన్న గ్రాంటు వచ్చింది. ఆ గ్రాంటు కాగితం చూశాకే పక్క కొండ తవ్వుతున్న క్వారీవాళ్ళు దీని జోలికి రాకుండా వెనక్కి తగ్గారు. ఇవాళ అనూరాధ సరేనంటే ఇంకో మూడేళ్ళు ఢోకా లేదు. కాదందా, దసరా నాటికి కొండవాలు కంకరైపోతుంది.

"ఎవడు చేశాడీ పని?" అని లేచాడు అచ్యుతరామయ్య.

కొండ కమిటీ అధ్యక్షురాలు రామలక్ష్మమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. "బాబూ, నాను సెప్తాను..."

"మీరాగండమ్మా. మీకు తెలిసుంటే ఇంతదాకా వచ్చేదా? మూడేళ్ళు బిడ్డల్లా పెంచారు కదా, మీ కడుపు మండటంలేదూ? నాకు భగ్గుమంటోంది."

అప్పుడే మేకల్ని తోలుకుంటూ అటువైపు వచ్చిన అబ్బులు ఆయన కంటబడ్డాడు.

"ఏమయ్యా, నీ మేకలేనా మేసింది?"

"మేకలు ఆ ఆకు ముట్టవు బాబూ. సేదు. కావాలంటే తమరు నమిలి సూడండి."

"నమలడానికి ఆకేదయ్యా?" అని కసిరి, పంతొమ్మిది మేకల్నీ సాక్ష్యం కింద బడి వరండాలో కట్టించేశాడు. తర్వాత పొదల మీదికి వంగి చూస్తే కొమ్మలన్నీ ఏటవాలుగా నున్నగా తెగి ఉన్నాయి. మేకలకు కత్తులుండవు. అంటే ఇది క్వారీవాళ్ళ పనే. ఆయన ఒళ్ళు మండిపోయింది.

"బాబూ, ఒక్క మాట ఇనుకోండి..." అంది రామలక్ష్మమ్మ.

"వినే టైమా ఇది?" అని ఊళ్ళో ఫోనున్న కొట్టుకి పరుగెత్తి పోలీసు స్టేషన్‌కి ఫోన్ కొట్టాడు.

హెడ్ కానిస్టేబుల్ గవర్రాజు వచ్చి, స్టాండు వేసిన మోటారు సైకిల్ మీదే కూర్చుని అంతా విన్నాడు. "ఆకులు పోయేయని కేసేటి సార్? స్టేషన్లో నవ్వుతారు."

"బంగారం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ఇది ఎక్కడ కొంటావయ్యా, పూర్ణా మార్కెట్లోనా? ముందు ఆ క్వారీ లారీలు ఆపు."

గవర్రాజు మొదటి లారీని రోడ్డుకి అడ్డంగా ఆపించాడు. దాని వెనక ఎనిమిది ఆగాయి. డ్రైవర్లు హారన్లు మోగించారు. ఆ మోతకి బెదిరిన మేకలు తాళ్ళు తెంపుకుని లారీల మధ్యలో దూరాయి. అబ్బులు రోడ్డు మీద బైఠాయించి, మేకలు అన్నీ దొరికేదాకా ఒక్క చక్రం కదలనివ్వనన్నాడు. అనూరాధ జీపు అర కిలోమీటరు అవతలే ఇరుక్కుపోయింది. ఆవిడ దిగి, చెప్పులు చేతపట్టుకుని, మేకల్ని తప్పించుకుంటూ నడిచే వచ్చింది.

ఊరి మొదట్లో ఆకులతో నిండుగా కట్టిన స్వాగత ద్వారం నిలబడి ఉంది. అచ్యుతరామయ్య కొండ మీదా, కొట్టు దగ్గరా, రోడ్డు మీదా తిరుగుతుండగా కమిటీ ఆడవాళ్ళు దాన్ని నిలబెట్టేశారు. అనూరాధ దాని కింద ఆగి తలెత్తి చూసింది.

"బాగుంది. ప్లాస్టిక్కు లేదు, గుడ్డ లేదు. ఎవరి ఆలోచన?"

పొద్దుట్నుంచీ ఆయన చెవిన పడ్డ మొదటి మంచిమాట అది. అచ్యుతరామయ్య చేతులు కట్టుకున్నాడు. "నాదేనండి. మా మద్దిలపాలెం ఆఫీసు నుంచి ఫోన్లో దగ్గరుండి చెప్పినట్టు చెప్పి కట్టించాను. ప్రతి ఆకూ నా ఆర్డరే. వీళ్ళకి ఇలాంటివి తోచవు."

అనూరాధ ఒక రెమ్మ అందుకుని ఆకు తిరగేసింది. ఎండలో వెండిలా మెరిసింది.

అచ్యుతరామయ్య ఆ రెమ్మ లాక్కుని మళ్ళీ తిరగేశాడు.

"ఎవరు కొయ్యమన్నారు దీన్ని?" అని అరిచాడు.

"అదే కద బాబూ, పొద్దుట్నించీ సెప్తానంటే ఆగమంటన్నారు," అంది రామలక్ష్మమ్మ. "మామిడాకూ కొబ్బరాకూ ప్రెతి ఊరోడూ కడతాడు, మన కొండకే ఉన్న ఆకు కట్టండి, గేటు నిండుగా ఉండాల, ఒక్క రెమ్మ మిగల్చొద్దు అన్నారు తమరే మొన్న ఫోన్లో. మాకున్నది ఇదే. ఆపీసు మాట లేకుండా ఆకు తుంచకూడదని రూలెట్టింది తమరే. ఆపీసు మాటొచ్చేక ఎలా కాదంటాం?"

అనూరాధ ఆయన వైపు చూడలేదు. "పొదల వేళ్ళు ఎలా ఉన్నాయమ్మా?"

"ఏరు జోలికి పోలేదమ్మా. కణుపు పైకే కోసేం. రెండు వానలు పడితే గుబురుగా సిగురేత్తాది. మా అత్త కాలం నించీ ఎరుగుదుం. రా, సూపిత్తాను."

ఇద్దరూ కొండెక్కారు. గంట తర్వాత దిగారు. అనూరాధ ఫైలు మీద అక్కడే రాసి, పైకి చదివి వినిపించింది. గ్రాంటు మరో మూడేళ్ళు. కొండ కమిటీకే నేరుగా. ఇకమీదట మద్దిలపాలెం ఆఫీసు ప్రమేయం అక్కర్లేదు.

"ఇదన్యాయం," అన్నాడు అచ్యుతరామయ్య. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

గవర్రాజు కాగితాలతో దగ్గరకొచ్చాడు. "సార్, తమరు మరీ మరీ సెప్పేరని కంప్లయింటు రాసేసేను. ముద్దాయి పేరొకటే బాకీ. ఎవర్ని రాయమంటారు?"

అచ్యుతరామయ్య ఎక్కడా లేని దగ్గు తెచ్చుకున్నాడు. ఆయన ఇబ్బంది చూడలేక రామలక్ష్మమ్మే అందుకుంది.

"అచ్యుతరామయ్యగారు అని రాసుకో బాబూ. గారు మర్సిపోకు, పెద్దాపీసరు."