నలభై ఏడు డిగ్రీల దగ్గర

ఆ రోజు లెక్కల మాష్టారి పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా యాభై పేపర్లు దిద్దెయ్యడం, పదింటికి మార్కులు ప్రిన్సిపాల్ గారికి ఇచ్చెయ్యడం, పదకొండింటికి, ఆవిడ ఇస్తామన్న శాఖాధిపతి కుర్చీలో కూర్చోవడం. అది గుండ్రంగా తిరిగే కుర్చీ. పదిహేనేళ్ళుగా ఆయన కన్ను దాని మీదే ఉంది.

పరీక్షలో ఒకటే పెద్ద లెక్క. సున్నాకీ తొంభై డిగ్రీలకీ మధ్య ఒక సందిగ్ధ బిందువు, అంటే గీత వాలు సున్నా అయ్యే చోటు, కనుక్కోవాలి. నిరుటి లెక్కలో సైన్ నాలుగో ఘాతం, కాస్ నాలుగో ఘాతం, రెండే ఉండేవి. జవాబు నలభై అయిదు. నిరుటి నోట్సు చూసి దించేస్తారేమోనని మాష్టారు ఈసారి దానికో తోక తగిలించారు: సగం సైన్ స్క్వేర్ టూ ఎక్స్. ఆ తోక కూడా నలభై అయిదు దగ్గరే మలుపు తిరుగుతుంది కనక జవాబు మారదు. తన తెలివికి తానే మురిసిపోయారు.

"అల్లుడుగారూ, ఆ తోకని ఓసారి విడగొట్టి చూసుకున్నారా?" అన్నారు అత్తగారు, పేపర్ల మీదికి తొంగిచూస్తూ. ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆవిడ.

"మీకెందుకండీ శ్రమ, అత్తయ్యగారూ? హాయిగా విశ్రాంతి తీసుకోండి."

ఆవిడ విశ్రాంతి తీసుకున్నారు. మాష్టారు ఎర్ర పెన్ను తీసుకున్నారు. ఒకడు ముప్ఫై అన్నాడు, సున్నా. ఇంకొకడు అరవై అన్నాడు, సున్నా. వెనకబెంచీ అమ్మాయి ఒక్క స్టెప్పయినా వెయ్యకుండా తన రోల్ నంబరు నలభై ఏడునే జవాబుగా రాసి ఊరుకుంది. దానికి సున్నా పెట్టి, చుట్టూ ఇంకో సున్నా చుట్టారు. నలభై అయిదు రాసిన ఒక్కడు తప్ప నలభై తొమ్మిది మంది గోవిందా!

పదిన్నరకి పిల్లలందరూ ప్రిన్సిపాల్ గది ముందు పోగయ్యారు. ప్రిన్సిపాల్ గారేమో చరిత్ర చదివిన మనిషి. "నాకు తారీఖులు తప్ప అంకెలు తెలీవు బాబూ," అని ఫిజిక్స్ ఆయన్ని పిలిపించారు.

ఆయన బోర్డు మీద ముప్ఫై వేసి చూశారు. "వాలు సున్నానే వచ్చిందండీ! కుర్రాడు కరెక్టే."

అరవై వేశారు. మళ్ళీ సున్నా.

పక్కనే నిలబడ్డ మాష్టారికి ఒళ్ళు మండిపోయింది. "అయితే ఆ రోల్ నంబరు కూడా వేసెయ్యండి, ఓ పనైపోతుంది!"

వేశారు. సున్నా వచ్చింది. వెనకబెంచీ అమ్మాయి అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

మాష్టారు వరండాలోకి వెళ్ళి గొంతు తగ్గించి ఫోన్ చేశారు. "అత్తయ్యగారూ... ఆ తోక..."

"సైన్ టూ ఎక్స్ అంటే రెండు సైన్ కాస్ కదా, బాబూ. విడగొడితే మొత్తం కలిసి సైన్ స్క్వేర్ ప్లస్ కాస్ స్క్వేర్‌కి వర్గం అవుతుంది. అంటే ఒకటి. మీ గీత బల్లలా చదునుగా ఉంది. ఎక్కడ వేలు పెట్టినా సందిగ్ధ బిందువే. పొద్దున్నే చెబుదామనుకున్నా, మీరు విశ్రాంతి తీసుకోమన్నారు."

ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పిన గొంతు, ఫోన్లోంచి వరండా అంతా వినిపించింది. వెనకే నిలబడ్డ ప్రిన్సిపాల్ గారు అంతా విన్నారు. అందరికీ పూర్తి మార్కులు వేయించి, కుర్చీ సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆపైన కాస్త మెత్తగా అడిగారు.

"మీ అత్తగారు ఖాళీగానే ఉన్నారా?"

సోమవారం నుంచి ప్రశ్నపత్రాలు చూసిపెట్టడానికి అత్తగారు కాలేజీకి వస్తున్నారు. పెద్దావిడ, నడుం నొప్పని, ఆ తిరిగే కుర్చీ ఆవిడకే వేశారు. ఏం రాసినా తప్పు కాని లెక్కలో తప్పిన ఏకైక వ్యక్తి మాత్రం రోజూ ఆవిడ సంచీ మోసుకొస్తున్నారు.