వయొలిన్‌గారి చల్లటి గది

ఎండాకాలం సంగీతానికి చేసిన మేలు ఏ గురువూ చెయ్యలేదు! నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. నమ్మకం కుదరకపోతే మా బావగారింటికి వెళ్లి చూసి రండి.

అక్కని వాళ్ల ఆఫీసు వార్షికోత్సవంలో వయొలిన్ వాయించమన్నారు. పెళ్లికి ముందు నుంచీ ఇంట్లో వాయించుకోవడమే తప్ప స్టేజీ ఎక్కడం ఇదే మొదలు. అక్క కాళ్లు నేల మీద నిలవలేదు! సరిగ్గా అప్పుడే ఎండలు ముదిరాయి. తీగలు మార్పించడానికి వెళ్తే రిపేరాయన ఊరుకోక, "వేడికి జిగురు వదిలేస్తుందండీ, చెక్క బీటలు వారుతుంది, జాగ్రత్త" అన్నాడు. అంతే, మా బావగారికి నిద్ర కరువైంది.

ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఏసీ గది ఆ రోజు నుంచీ వయొలిన్‌గారిది. మంచం మీద పరుపు, పరుపు మీద దిండు, దిండు మీద పెట్టె. గోడకి థర్మామీటర్. కారెక్కితే ముందు సీటు దానిదే, బెల్టుతో సహా! అక్క వెనక సీటు. ఆపిన కారులో వేడెక్కిపోతుందని, బావగారు దాన్ని చంకలో పెట్టుకునే కూరగాయలు బేరమాడతారు. ఇంత బాధ్యత మనలో ఎంతమందికి ఉంది చెప్పండి?

మరి వాయించడం అంటారా? అయ్యో, అసలు ప్రమాదమే అది కదా! పొయ్యి దగ్గర్నుంచి వచ్చిన అక్క చేతులకి చెమట. చెమట చేత్తో ముట్టుకుంటే పాలిష్ పోతుంది. తలుపు తీస్తే చల్లదనం పోతుంది. "కాస్త ఎండ తగ్గనీ, సాయంత్రం వాయిద్దువుగానీ" అంటారు బావగారు. సాయంత్రానికి అక్క మళ్లీ పొయ్యి దగ్గరే ఉంటుంది. పక్కింటివాళ్లు మాత్రం హాయిగా టీవీ చూసుకుంటున్నారు. అపశ్రుతి అన్నదే లేని సంగీతం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఫంక్షన్ ముందురోజు నేను వెళ్లేసరికి అక్క వంటింట్లో ఉంది. నుదుటి చెమట కారి కళ్లలో పడుతోంది. బావగారు గది తలుపు ఓరగా తీసి తొంగిచూసి, "హమ్మయ్య, చల్లగానే ఉంది" అన్నారు.

అక్క గరిటె కింద పెట్టింది. చేతులు కడుక్కుని, టవలుతో శుభ్రంగా తుడుచుకుని గదిలోకి నడిచింది.

"అదేంటి, మరి కూర?" అన్నారు బావగారు.

"వేడికి పాడయ్యేది వయొలిన్ ఒక్కటే అనుకున్నారా? రేపు పొద్దున దాకా నేనూ ఇక్కడే ఉంటాను. కూర మీరు చూసుకోండి."

గడియ పడింది. కాసేపటికి లోపల్నుంచి వయొలిన్ వినపడింది. మొదట్లో తడబడింది పాపం, వేళ్లు మర్చిపోయినట్టున్నాయి. తర్వాత కుదురుకుంది. ఎంత బాగుందో! బావగారు గరిటె పట్టుకుని, చెమటలు కక్కుతూ, తలుపుకి చెవి ఆనించి నిలబడిపోయారు. "ఇన్నాళ్లూ దీన్నా నేను పెట్టెలో పెట్టింది!" అన్నారు. కూర మాడిపోయింది, నాకు భోజనం లేదు, అయినా కోపం రాలేదు.

మర్నాడు అక్క స్టేజీ మీద వాయిస్తుంటే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బావగారే. అందుకే అంటున్నాను, ఎండలు మంచివి! తగలాల్సిన వాళ్లకి కూడా కాస్త తగలాలి, అంతే.

మా ఇంట్లో వాయిద్యాలేం లేవు. కానీ ఇలాంటివి రాయాలంటే మెదడు చల్లగా ఉండొద్దూ? అందుకని మా ఏసీ గదిలో గడియ పెట్టుకుని రాస్తున్నాను. ఇప్పుడే ఎవరో తలుపు కొడుతున్నారు. మా ఆవిడే. చప్పుడు వింటే గరిటెతో కొడుతున్నట్టుంది.