పలకకు పలకే సాక్షి

కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవిలో, అనగా 1957 ఏప్రిల్ మాసంలో, మార్కాపురంలోని గురుస్వామి గారి పలకల కార్ఖానాలో ఒక సమాచార విభాగం ప్రారంభమైనదని తెలియజేయడమైనది.

అంతకు ముందు ఆ కార్ఖానాకు సమాచారం లేదు. కాశయ్య మేస్త్రి ఉన్నాడు, అంతే. నునుపు తేలి వచ్చిన ప్రతి పలకనూ ఎడమ అరచేతిలో నిలిపి, కుడిచేతి వేలికణుపుతో ఒక్క దెబ్బ వేసేవాడు. ఖంగుమంటే మంచిదని కుడివైపు, బొద్దుమంటే లోపల పగులని ఎడమవైపు. పామూరుకు ఎన్ని డజన్లు, కురిచేడుకు ఏ బండి, ఎవరు బిగించిన చట్రానికి మేకు తక్కువ, అంతా ఆయన తలలోనే. ముప్పై ఏళ్ళుగా ఇంత అనాగరికంగా సాగిన వ్యాపారం ఏ ఒక్క ఏడూ నష్టపోలేదంటే, నష్టపోవాలని వారికి తెలియకపోవడమే కారణం.

ఆ నెలలోనే పెద్దదోర్నాల అవతలి అడవి పల్లె నుంచి కరుణాకరం అనే కుర్ర ఉపాధ్యాయుడు వచ్చాడు. పల్లెలో పోలయ్య అనే రైతు ఇచ్చిన కొట్టంలో అరవైమంది పిల్లలతో బడి పెట్టాడు. బడికి ఇంకా గుర్తింపు లేదు.

"జూన్ పదిహేడున ఇన్‌స్పెక్టరు వస్తాడు మేస్త్రీ. పిల్లోళ్ళ చేతుల్లో పలకలు లేకుంటే బడి మూసుకోవాల్సిందే."

"ఎందుకు మూస్తావు అయ్యవారూ! పదిహేనో తారీకు బండి తీసుకరా. అరవై పలకలు ఎత్తిస్తా. మాట ఇస్తుండా."

ఆ మాట ఏ దస్త్రంలోనూ చేరలేదు.

మర్నాడే వరప్రసాదం గారు విచ్చేశారు. కర్నూలు కచేరీల్లో కాగితాల మధ్య పెరిగిన మహానుభావుడు. రాజధాని హైదరాబాదుకు తరలినప్పుడు ఆయన పేరున్న దస్త్రం లారీ ఎక్కింది, ఆయన ఎక్కలేదు. దస్త్రం హైదరాబాదులో కొలువు చేస్తుండగా, ఆయన కర్నూలులో ఖాళీగా ఉండి, ఈ విభాగానికి అధికారిగా గురుస్వామి గారికి దొరికారు.

ప్రారంభ సభలో గురుస్వామి గారు ప్రసంగించారు: "సోదరులారా! నిన్నటిదాకా మనం పలకలు తయారుచేసినాము. పలకలు ఎవడైనా తయారుచేస్తాడు! నేటినుండి మనం మన పలకలను గురించి తెలుసుకుంటాము."

తెలుసుకున్నది రాయడానికి కాగితం కావాలన్నారు వరప్రసాదం గారు. "కాగితం కొనాల. పలకలు మన ఇంటివే గదా!" అన్నారు గురుస్వామి గారు. చెరకు తోట గలవాడు బెల్లం కొనడు. కనుక సమాచారమంతా పలకల మీదనే రాయాలని తీర్మానమైంది.

పని చక్కగా మొదలైంది. కాశయ్య ఒక పలకను మోగిస్తాడు. దాని ధ్వని, పొడవు, వెడల్పు, దాన్ని నునుపు చేసిన మనిషి పేరు రెండో పలక మీద రాస్తారు. రెండోది కూడా ఈ కార్ఖానా పలకే కనుక దాన్నీ మోగించి, దాని వివరం మూడో పలక మీద రాస్తారు. మూడోదానికి నాలుగోది. ఇట్లా ఏడో పలక దగ్గర ఆపాలని వరప్రసాదం గారు శాసించారు. వంశానికైనా ఏడు తరాలే చూస్తారు గదా! ఏడోదానికి సాక్షి ఎవరని అడిగిన కాశయ్యకు మందలింపు వచ్చింది. అది ఎనిమిదో పలక మీద వచ్చింది.

ఒక పలక పగిలితే సమాచారం ఏం గావాలి? అందుచేత ప్రతిదానికీ నకలు రాయించి వేరే కొట్టంలో ఉంచారు. ఒకరు చదివితే రహస్యం ఏం గావాలి? అందుచేత పలకలు మోసేవారు నిరక్షరాస్యులై ఉండాలన్నారు. అభ్యర్థులు తమకు చదువు రాదని స్వహస్తంతో రాసి ఇవ్వాలి. రాసిన పదకొండుమందినీ అనర్హులని పంపివేశారు. రాయలేక ఏడ్చిన పుల్లమ్మ ఒక్కతే నెగ్గి, సమాచార రక్షకురాలిగా నియమితురాలైంది.

మే నెల గడిచేసరికి సేకరించేవారు, సరిచూసేవారు, సరిచూసినవారిని సరిచూసేవారు కలిసి నలభైమంది అయ్యారు. పలకలు చేసేవారు తొమ్మండుగురు మిగిలారు. పామూరు బండి ఖాళీగా వెనుదిరిగింది, కురిచేడు బండి ఖాళీగా వెనుదిరిగింది. రెండు బండ్లు రావడమూ పోవడమూ నిమిషాలతో సహా నమోదయ్యాయి. గురుస్వామి గారికి ఆనందబాష్పాలు వచ్చాయి.

జూన్ పదిహేనున కరుణాకరం బండి వచ్చింది. కాశయ్య వరప్రసాదం గారి ముందు నిలబడ్డాడు.

"అరవై పలకలు కావాల సార్. మాటిచ్చినా."

"మన దగ్గర పదకొండువేల రెండువందల పలకలున్నవి," అన్నారాయన గర్వంగా.

"దాంట్లో అరవై."

"అరవై పోతే పదకొండువేల రెండువందలు అనే సమాచారం అబద్ధమవుతుంది కాశయ్యా. సరుకు కోసం సత్యాన్ని బలిపెట్టమంటావా?"

ముప్పై ఏళ్ళలో కాశయ్య మాట ఒక్కసారీ బొద్దుమనలేదు. మిట్టమధ్యాహ్నం విభాగమంతా భోజనం చేస్తుండగా, కండువా నీళ్ళలో తడిపి సమాచార గదికి నడిచాడు. గడపలో పుల్లమ్మ కూర్చుని ఉంది.

"ఏంది మామా, తడిగుడ్డ ఎందుకు?"

"తుడిచేదానికి."

"తుడువు. నాకేం తెలుస్తాది, సదువు రానిదాన్ని!" అని ఆమె అటు తిరిగింది. కాసేపటికి ఇటు తిరిగి, తన కొంగు కూడా తడిపింది.

ఇద్దరూ కలిసి అరవై పలకలు తుడిచారు. ఒక్కొక్కదాన్నీ కాశయ్య మోగించి చూశాడు. అరవై ఖంగులు. ఆ మోత వినగానే ఆయన మనసుకు రెండు నెలల దుమ్ము వదిలింది. బండి కదిలేటప్పుడు కరుణాకరాన్ని అడిగాడు, "చీటీ ఏమన్నా కావాల్నేమో అయ్యవారూ? రాసేది వాళ్ళే, వాళ్ళు రాయరు."

"పలకలు ఉండగా చీటీ ఎందుకు మేస్త్రీ?" అని నవ్వాడు కరుణాకరం. అతని వయసు ఇరవై రెండు.

మార్కాపురంలో విచారణ జరిగింది. గదిలో ఎన్ని పలకలుండాలో, వాటి నకళ్ళు ఏ కొట్టంలో ఉన్నాయో చెప్పే పలకలు కూడా తుడిచినవాటిలోనే ఉన్నాయి. పోయినవని చెప్పే పలకలే పోయినవి కనుక, ఏవీ పోలేదని తేలింది.

కాశయ్య ఆ సంగతి ఎరుగడు. ఆయన బండితోపాటే పల్లెకు పోయాడు. ముప్పై ఏళ్ళలో తన పలకలు పిల్లల చేతికి చేరడం కళ్ళారా చూడలేదు మరి.

పదిహేడున ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. అరవైమంది పిల్లలు అరవై పలకల మీద "స్వాగతం" రాసి ఎత్తి చూపారు. ఆయన ముగ్ధులయ్యారు.

"బాగున్నది. పలకలు ముట్టినట్లు చీటీ ఏదీ?"

కాశయ్య ఒక పలక అందుకుని ఆయన చెవి దగ్గర మోగించాడు. "ఇదిగో సార్, పలక!"

"ధ్వని విన్నాను. దస్తావేజు చూపండి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు, ఎంతో మృదువుగా. తర్వాత తన పుస్తకంలో "పలకలు: లేవు" అని రాసుకున్నారు. రాసేటప్పుడు పుస్తకం కింద పెట్టుకోవడానికి ఏదైనా కావాలంటే, ముందు వరుసలోని పాప తన పలక ఇచ్చింది.

పక్క ఊరి బడిలో పలకలు లేవు. అరవై పలకలు మంజూరైనట్లు చీటీ ఉంది. దానికి ఆ సాయంత్రమే గుర్తింపు వచ్చింది.

మర్నాడు మొట్టమొదట తన బిడ్డలను పక్క ఊరికి నడిపించుకుపోయినవాడు కొట్టమిచ్చిన పోలయ్యే. కాశయ్య దారిలో అడ్డం నిలిచాడు.

"ఏంది పోలయ్యా, ఆడ పలకల్లేవు గదా?"

"ఆడ గుర్తింపు ఉండాది మేస్త్రీ. పలకదేముంది, ఇయ్యాల కాకుంటే రేపన్నా పగులుతాది."

వారం తిరగకముందే అరవైమందీ పోయారు. లెక్కలో లేని పలకలు తేరాదని అక్కడి నిబంధన గనుక, పిల్లలు ఇప్పుడు చూపుడువేలితో గాలిలో అక్షరాలు దిద్దుతున్నారు. ఒక్కరికీ ఒక్క తప్పు రాలేదని నివేదిక. కరుణాకరం ఖాళీ కొట్టం ముందు కూర్చుని ఉన్నాడు.

పోలయ్యను చూసి నవ్వుకుంటున్న పాఠక మహాశయులు, తమ పిల్లలను బడిలో చేర్చిన రోజున ముందుగా పలక అడిగారో, గుర్తింపు అడిగారో ఒక్కసారి జ్ఞాపకం చేసుకొని, ఆపైన నవ్వవలసిందిగా మనవి.