సింగపూరు గుండు

తిరుత్తణి గుండ్ల మీద సాగిన పరిశోధన 1979లో విదేశీ గడ్డ మీద దిగ్విజయంగా పూర్తయిందని విద్యాలోకానికి తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ ఘనత ఆదికేశవులుది. కొండెక్కి మురుగనికి తలనీలాలిచ్చి, గుండుకు చందనం పూసుకొని దిగేవాళ్ళను రెండేళ్ళు వెంటాడి, గుండుకు ముందూ తరువాతా వారి మనఃస్థితి ఎట్టిదని అడిగాడు. ముందు దురద, తరువాత చల్లదనం అని తేలింది.

తిరువళ్ళూరు కాలేజీలో అతని గైడు జగన్నాథన్ గారు మహా పండితులు. వ్యాసం తెరవకుండానే లోపం కనిపెట్టారు.

“అన్నీ మనూరి గుండ్లే గదప్పా! ఫారిన్ గుండు యాడుండాది? ఒకటన్నా లేకుంటే నేను సంతకం పెట్టను.”

సంతకం లేనిదే పట్టా లేదు, పట్టా లేనిదే అదే కాలేజీలో ట్యూటరు ఉద్యోగం లేదు. గడువు మాసాంతం. దేవుడు కరుణించి సింగపూరులో అక్క ఇంద్రాణికి నెలలు నిండాయి. తల్లి కస్తూరమ్మను కాన్పుకు దిగబెట్టే వంకతో, ఊరగాయ జాడీలతో పాటు ఆదికేశవులూ ఓడెక్కాడు.

సింగపూరు బాగా అభివృద్ధి చెందిన దేశం కాబట్టి అక్కడ అందరికీ జుట్టుంది. బౌద్ధ భిక్షువులున్నారు గానీ వారిది ఉద్యోగధర్మం, మొక్కు కాదు. ఒక బట్టతల పెద్దమనిషిని ఆశగా ఆపి, ఏ దేవుడికిచ్చారని అడిగితే ఆయన పోలీసును పిలిచాడు. గడువు ముంచుకొచ్చింది, ఆదికేశవులుకు ఏడుపొచ్చింది. చివరికి మంగలి అంగట్లో కూర్చొని తన తలే అప్పగించాడు. చందనం పూసుకొని ఫోటో తీయించుకొని, ‘సింగపూరు గుండు’ అని కింద రాసి, వ్యాసానికి అతికించి ముగించాడు.

కస్తూరమ్మ చూసి గుండెలు బాదుకుంది. “అయ్యో నాయనా! నువ్వు పాసైతే తిరుత్తణి సామికిస్తానని మొక్కిన జుట్టు గదరా! ఈడెందుకు గొరిగించినావు? ఈ గుండు సామికి చెల్లదు. మళ్ళీ పెంచు.”

తల్లిని అక్క దగ్గర వదిలి తిరిగొచ్చి, దొరికిపోతానని వణుకుతూ, నున్నటి తలతోనే గైడు ముందు నిలబడ్డాడు. జగన్నాథన్ గారు ఫోటోను వెలుతురుకు పట్టి చూశారు.

“ఆహా! ఫారిన్ గుండంటే ఇదప్పా. ఏమి నునుపు, ఏమి కళ! మనోళ్ళకు యాడొస్తుంది?” అని సంతకం గీకి, అప్పుడు తలెత్తి ముఖం చిట్లించారు. “నువ్వేమప్పా, ఉద్యోగానికొచ్చేవాడివి, ఈ అవతారమేంది? జుట్టు పెరిగినాక రా.”

జుట్టు పెరిగింది. సరిగ్గా దువ్వెనకందే వేళకు కస్తూరమ్మ సింగపూరు నుంచి దిగి, పాసైన కొడుకును కొండకు లాక్కుపోయింది. మొక్కు తీరింది.

ఆ గుండుతోనే ఆదికేశవులు మళ్ళీ కాలేజీకి వెళ్ళాడు. వరండాలో ఫోటోకు చట్రం కట్టించి, పూలదండ వేశారు. చుట్టూ జనం. ప్యూను పచ్చయ్యప్ప అతని భుజం పట్టి నెట్టాడు.

“యాడనుంచి వస్తారప్పా మీరంతా గుండ్లేసుకొని? పక్కకు జరుగు, ఫారినాయన్ని నలుగుర్నీ చూడనీ.”

ఆదికేశవులు పక్కకు జరిగాడు. జరిగి, తనూ ఒకసారి తలెత్తి చూశాడు. నిజమే, ఫారిన్ కళే వేరు.