చందాగా వెళ్ళిన గొంతు

ఆ ఉదయం ఆపరేటరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు సెలవు చెప్పాలి, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, తిరిగొచ్చి దుప్పటి ముసుగేసుకుని పడుకోవాలి. ముందురోజు గరగరమన్న గొంతు తెల్లారేసరికి పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు సన్నటి చప్పుడు తప్ప మాట రావడం లేదు. ఆమె పనిచేసేది లిఫ్టులు తయారుచేసే కంపెనీలో, టెలిఫోన్ దగ్గర. ఊళ్ళో సగం భవనాల లిఫ్టుల్లో "తలుపులు మూసుకుంటున్నాయి, దయచేసి జరగండి" అని చెప్పే గొంతు కూడా ఆమెదే. ఆమె ముఖం ఎవరికీ గుర్తుండదు గానీ, ఏ దుకాణంలోనైనా ఆమె ఒక్క మాట మాట్లాడితే చాలు, పక్కనున్నవాళ్ళు అలవాటుకొద్దీ ఒక అడుగు వెనక్కి జరుగుతారు.

"నువ్వు శ్రమపడకు. సెలవు సంగతి నేను చెప్తాలే," అన్నాడు ఆమె భర్త. అతను పురపాలక కార్యాలయంలో గుమాస్తా. రాష్ట్ర ఎన్నికలూ కేంద్ర ఎన్నికలూ ఒకేసారి వచ్చిపడటంతో అతన్ని పోలింగు డ్యూటీకి వేశారు. డ్యూటీలో ఉన్నవాళ్ళ ఇంట్లో ఎవరూ ఏ పార్టీ ఊసూ ఎత్తకూడదని పై అధికారి గట్టిగా హెచ్చరించాడు. కేంద్రంలో పోటీచేసే ఒక పార్టీ గుర్తు గొడుగు. అందుకని వాన పడుతున్నా అతను ఇంట్లో "ఆ నల్లది ఇలా అందుకో" అంటున్నాడు.

అతను కంపెనీకి ఫోన్ కలిపాడు. అవతల భార్య గొంతే పలికింది. "నమస్కారం. మీ కాల్ మాకు ఎంతో విలువైనది." అది పాత రికార్డింగే. "నువ్వప్పుడే డ్యూటీ ఎక్కేశావు," అని నవ్వాడు. ఆమె కూడా చప్పుడు లేకుండా నవ్వింది.

ఫోన్ పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది.

"అన్నయ్యా, బాగున్నారా?"

గుమాస్తా తలెత్తి చూశాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి వేణ్ణీళ్ళు తాగుతోంది. గ్లాసు పెదాలకే ఉంది, గుటక పడుతోంది. చెవిలో మాత్రం ఆమె గొంతు తేటగా, ఎలాంటి జలుబూ లేకుండా వినిపిస్తోంది.

"నన్ను అన్నయ్యా అంటావేంటి?" అన్నాడతను ఫోన్‌తో. ఎందుకో తెలియకుండానే గొంతు తగ్గించాడు.

"అవునా! మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అన్నయ్యా. రాష్ట్రం పైకెక్కాలంటే నిచ్చెన గుర్తుకే మీ ఓటు."

అతను ఫోన్‌ను పామును పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఆమె తనను తాను వింది. మాట మొదలుపెట్టే ముందు చిన్నగా ఊపిరి పీల్చడం, 'రాష్ట్రం' దగ్గర నాలుక కాస్త తడబడటం, అన్నీ తనవే. ఆ మాటలు మాత్రం తనెప్పుడూ అనలేదు. ఫోన్‌లోని మనిషి ఊపిరి పీల్చినప్పుడల్లా తన గుండెలోని గాలి కొంచెం తగ్గుతున్నట్టు అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల ఆఫీసులో, గోడలకు స్పాంజి అంటించిన చిన్న గదిలో కూర్చోబెట్టి ఆమె చేత బోలెడన్ని మాటలు చదివించారు. కొత్త లిఫ్టుల కోసం అన్నారు. వాటిలో అన్నయ్య, చెల్లెమ్మ, బాబాయిగారు, పిన్నిగారు కూడా ఉన్నారు. "లిఫ్టుకి అత్తయ్యగారూ అనే మాటెందుకండీ?" అని అడిగితే, మైకు పెట్టే టెక్నీషియన్ "లిఫ్టుల్లో అత్తయ్యలు ఎక్కరా అమ్మా?" అన్నాడు. అదీ నిజమేననుకుంది.

డాక్టరు సంగతి పక్కనపెట్టి, ఆఫీసులోనే అడుగుదామని ఆమె చెప్పులేసుకుంది. గుమాస్తా తన సంచి భుజాన వేసుకుంటూ, "దారిలో ఎవరితోనూ ఏమీ అనకు," అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి, "అనలేవులే," అన్నాడు.

వీధి మొదట్లోనే డ్రిల్లు మాస్టారు గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బడి వదిలేసి చాలా ఏళ్ళయినా ఆయన ఇంకా అటెన్షన్‌లోనే నిలబడతాడు. "నిన్న ఫోన్ చేసి మంచి పని చేశావమ్మా. బాబాయిగారూ అని అంత ఆప్యాయంగా అడిగితే కాదంటానా? నా ఓటు నిచ్చెనకే."

ఎదుటి కొట్లోంచి దర్జీ మెడలో టేపుతో బయటికొచ్చాడు. "నిచ్చెనేంటి మాస్టారూ? నాకు గొడుగని చెప్పింది. కేంద్రం నీడ కావాలంటే గొడుగేనంది."

"నాకు నిచ్చెనంది!"

"ఏమ్మా, నువ్వే చెప్పు. ఇద్దరికీ రెండు మాటలు చెప్తావా?"

ఆమె నోరు తెరిచింది. గాలి వచ్చింది. చేత్తో గొంతు చూపించింది, తల అడ్డంగా ఊపింది.

"చూశావా, గొంతు కోసుకున్నా చెప్పదట," అన్నాడు దర్జీ. "ఫోన్లో తేనె, ఎదురుపడితే మౌనవ్రతం."

మాస్టారు ఏదో అనబోయి ఆగాడు. ఆయన ఇంటి కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి. మాస్టారి భార్య గలగలా నవ్వుతోంది. "అట్లాగా పిన్నిగారూ," అంటోంది ఇంకో గొంతు. "మీ మోకాళ్ళ నొప్పి గురించి విని చాలా బాధపడుతున్నాము." అది ఆపరేటరమ్మ గొంతు. ముగ్గురూ కిటికీ వైపు చూశారు. తర్వాత మగవాళ్ళిద్దరూ నెమ్మదిగా తలతిప్పి, తమ ముందు నోరు మూసుకుని నిలబడి ఉన్న మనిషిని చూశారు. దర్జీ కొట్లోకి వెళ్ళి సగం షట్టరు దించేశాడు. మాస్టారు మాత్రం, జీవితంలో మొదటిసారి, స్టాండ్ అట్ ఈజ్‌లోకి వచ్చాడు.

కంపెనీ భవనంలో లిఫ్టు ఎక్కేసరికి లోపల ఆమె ఒక్కతే. "తలుపులు మూసుకుంటున్నాయి," అంది లిఫ్టు. అది రోజూ వినేదే. రెండో అంతస్తు దాటాక, ఏ అంతస్తూ కాని చోట, దీపం ఒక్కసారి మిణుకుమంది.

"చెల్లెమ్మా, బాగున్నారా?"

ఆమె గోడకు అతుక్కుపోయింది. ఎదురుగా అద్దం ఉంది. తన పెదాలు కదలడం లేదని అందులో చూసి నిర్ధారించుకుంది. ఒకవేళ కదులుతూ కనిపించి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు.

యజమాని మంచివాడే. పనివాళ్ళ పిల్లల పరీక్షలు కూడా గుర్తుపెట్టుకుని అడుగుతాడు. ఆమె ఫోన్‌లో టైపు చేసి చూపించిన 'నా గొంతు ఎక్కడికి పోయింది సార్?' అన్న ప్రశ్నకు కళ్ళజోడు తుడుచుకుంటూ జవాబిచ్చాడు.

"చందాగా ఇచ్చాం అమ్మాయ్. రాష్ట్రంలో నిచ్చెన వాళ్ళకి, కేంద్రంలో గొడుగు వాళ్ళకి. రాష్ట్రం వాడు కాదంటే మేడలు లేవవు, కేంద్రం వాడు కాదంటే ఇనుము రాదు. ఇద్దరూ కావాలి మనకి. అయినా లిఫ్టులమ్ముకునే నేను నిచ్చెనకి చందా ఇవ్వాల్సి రావడం చూడు, నాకెంత కష్టంగా ఉందో! కంపెనీలు ఇచ్చే డబ్బుకి చట్టం ఒక హద్దు పెట్టింది. అది ఎప్పుడో ఇచ్చేశాం. ఇంకా ఏమైనా చెయ్యండి అన్నారు. ఏం ఇవ్వను? నీ గొంతు గుర్తొచ్చింది."

'ఆపించండి' అని టైపు చేసిందామె.

"ఇచ్చిన చందా వెనక్కి అడిగితే బాగుంటుందా?"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. గుమాస్తా. ఆమె ఎత్తి, స్పీకరు నొక్కి బల్లమీద పెట్టింది.

"వింటున్నావా? మా ఎన్నికల ఆఫీసరుకే ఫోన్ వెళ్ళింది! బాబాయిగారూ అని పిలిచి పొద్దున నిచ్చెనకీ, ఇందాక గొడుక్కీ ఓటడిగావట. లిఫ్టు గొంతని ఇట్టే గుర్తుపట్టాడు. సాయంత్రంలోగా సరైన సంజాయిషీ ఇవ్వకపోతే నా ఉద్యోగం ఊడుతుందట. ఏదో ఒకటి మాట్లాడు!" అంతలోనే అతని గొంతు సన్నబడింది. "ఇది... నువ్వేనా? లేక అదా?"

ఆమె నోరు తెరిచి మూసింది.

"నువ్వేలే," అన్నాడతను చివరికి. "అదైతే ఈపాటికి మాట్లాడేది."

యజమానికి మనసు చివుక్కుమంది. కుర్చీ దగ్గరికి లాక్కుని నిచ్చెన వాళ్ళ ప్రచార కార్యాలయానికి ఫోన్ కలిపాడు.

"బాబాయిగారూ, బాగున్నారా?" అంది ఫోన్.

ఆయన ఎదురుగా కూర్చున్న ఆమె వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మాయ్... అంటే, నువ్వు కాదు. అక్కడ మనుషులెవరైనా ఉంటే పిలు."

"అవునా! మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది."

"నిన్ను అక్కడికి పంపింది నేనే!"

"మీ సహాయానికి కృతజ్ఞతలు బాబాయిగారూ. మీ కంపెనీ తరఫున ఇంతకుముందు ఇచ్చినంత మళ్ళీ ఇవ్వదలిస్తే, సరే అనండి."

"నేనెందుకు సరే అంటాను?"

"సరే అన్నందుకు ధన్యవాదాలు. మీ బ్యాంకుకు తెలియజేస్తున్నాము."

యజమాని చేతిలోని కళ్ళజోడు ఒళ్ళో పడింది. వెంటనే గొడుగు వాళ్ళకు ఫోన్ చేశాడు, ఈసారి ఆ మాట పొరపాటున కూడా అనకూడదని పళ్ళు బిగించి. అదే గొంతు, అదే పలకరింపు, అదే ప్రశ్న. ఆయన ఉలకలేదు, పలకలేదు. అప్పుడు ఆ గొంతు ఎంతో మృదువుగా, "బాబాయిగారూ, మీకు ఒంట్లో బాగుందా?" అని అడిగింది. ఆ మాటలో ఉన్న ప్రేమకు ఆయన ఉన్నట్టుండి కరిగిపోయాడు.

"ఆఁ, ఏదో... సరేలే," అన్నాడు.

బ్యాంకు నుంచి రెండు మెసేజీలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. యజమాని ముఖం సున్నం కొట్టినట్టయింది. "అమ్మాయ్, హద్దు దాటేశాను! రాష్ట్రంలోనూ దాటాను, కేంద్రంలోనూ దాటాను. ఇది బయటపడితే కంపెనీకి తాళం పడుతుంది. పద, పద!"

ఎన్నికల అధికారి గదిలో గుమాస్తా అప్పటికే చేతులు కట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాడు. యజమాని ఊపిరి పీల్చుకోకుండా చెప్పేశాడు. ఫోన్లో మాట్లాడేది మనిషి కాదు, యంత్రం. యంత్రంతో అన్న సరే ఒప్పందం కిందికి రాదు. ఆ డబ్బు తను ఇచ్చినట్టు కాదు. తనను తాను కాపాడుకోవాలన్న ఆత్రంలో, ఓట్లడిగింది గుమాస్తా భార్య కాదన్న సంగతి ఆయన నాలుగైదు సార్లు ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

అధికారి అంత తేలిగ్గా నమ్మే రకం కాదు. టార్చిలైటు తీసి, "నోరు తెరవమ్మా," అన్నాడు. గొంతులోకి వెలుగు వేసి చాలాసేపు చూశాడు, లోపల ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు. "ఊఁ... ఎర్రగా ఉంది. ఏదైనా అను." సైకిలు ట్యూబు చప్పుడు వచ్చింది. ఆయన టార్చి ఆర్పేశాడు.

"గొంతును చందాగా ఇచ్చానన్నారు కదా. వస్తువులిచ్చినా వెల కట్టి చెప్పాలి. ఎంత కట్టారు?"

యజమాని ఆపరేటరమ్మ వైపు చూడకుండా, ఆమెకు నెలకు ఇచ్చే జీతమెంతో గొణిగాడు.

అధికారి నిట్టూర్చాడు. "అంతేనా! అయితే అది చందా కిందకే రాదు."

మొత్తానికి రెండు సరేలూ కొట్టేశారు. గుమాస్తా ఉద్యోగం నిలిచింది. ఆ గొంతును మర్నాటికల్లా ఆపెయ్యాలని రెండు పార్టీలకూ తాకీదులు వెళ్ళాయి.

భార్యాభర్తలు ఇల్లు చేరేసరికి చీకటి పడబోతోంది. వీధి దీపాలింకా వెలగలేదు. మెట్ల మీద ఎవరో కదలకుండా కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్ళాక గుమాస్తా గుర్తుపట్టి ఆగిపోయాడు. అది అతని తల్లి. ఊరికి అటు చివర కూతురి దగ్గర ఉంటుంది. రెండేళ్ళ కిందట ఇల్లు మారినప్పుడు ఆవిడ కుట్టుమిషను పాడైపోయిందనుకుని కోడలు పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. అప్పటినుంచీ అత్తగారు ఈ గుమ్మం తొక్కలేదు, కోడలితో మాట్లాడలేదు.

"వచ్చావా," అంది ఆవిడ కోడలితో. "నిన్నూ మొన్నా కాదు, పది రోజులుగా చేస్తున్నావు ఫోన్. పొద్దునా నువ్వే, సాయంత్రమూ నువ్వే. నేనెంత చెప్పినా అవునా, అవునా అంటూ వింటావు. నా కడుపున పుట్టినవాళ్ళు కూడా అంతసేపు వినలేదు. నిన్న కుట్టుమిషను సంగతి కూడా కడిగేశాను. పాడైందనుకున్నానండీ, నాకేం తెలుసండీ అని అడ్డం రాలేదు నువ్వు. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అన్నావు. ఏడుపొచ్చింది నాకు. ఇంక ఉండబట్టలేక వచ్చేశాను."

"అమ్మా, అది..." అన్నాడు గుమాస్తా. భార్య అతని మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. ఈ రెండేళ్ళలో క్షమించమని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నా, ప్రతిసారీ ఆ మాటకు ముందు 'నాకేం తెలుసు' అన్న మాటే వచ్చి కూర్చునేది. ఇప్పుడు ఏ మాటా రాదు. ఆమె వంగి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు వాటంతటవే నిండాయి.

"గొంతు పోయిందా?" అంది అత్తగారు ఆమె మెడ తడిమి చూస్తూ. "అంతేసి సేపు మాట్లాడితే పోదూ మరి! లోపలికి పద. ఆవిరి పడదాం."

అప్పుడు ఆవిడ సంచిలో ఫోన్ మోగింది. తీసి, అలవాటుగా నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో మెట్ల మీదున్న ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది.

"అత్తయ్యగారూ, బాగున్నారా?"

కోడలి చేతులు ఆవిడ చేతిలోనే చల్లబడ్డాయి. ఆవిడ కోడలి మూసుకున్న పెదాలను చూసింది. ఫోన్‌ను చూసింది. మళ్ళీ పెదాలను చూసింది. అవతలి గొంతు జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తోంది, సన్నగా ఊపిరి తీసుకుంటూ.

"బాగానే ఉన్నానమ్మా," అంది చివరికి ఆవిడ, కొంచెం మెత్తగా. "ఇప్పుడు మా కోడలితో ఉన్నాను. తర్వాత చెయ్యి."

ఫోన్ ఆపి సంచిలో వేసుకుని, కోడలి భుజం ఊతంగా పట్టుకుని లేచింది.

"పాపం," అంది గుమ్మం దాటుతూ. "ఆ పిల్లకి మాత్రం అత్తగారు లేనట్టుంది."